గుండీల గిన్నె

ఆ వేసవి మా ఇంట్లో ఇద్దరం చదువులో పడ్డాం. వదిన ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుంది, నేను ఇంగ్లీషు నేర్పడం నేర్చుకున్నాను. ఎవరిది కష్టమైన చదువని మా అన్నయ్యని అడిగితే, తడుముకోకుండా నా వైపే వేలు చూపిస్తాడు.

నేర్పడం నాకు అంతకుముందు రాదని కాదు. పధ్నాలుగేళ్ళు ఒక చిన్న బళ్ళో నేను చేసిన పని అదే. గంట కొట్టినా నా నోరు ఆగేది కాదు. పిల్లలు పాఠాలు గడగడా అప్పజెప్పేవాళ్ళు, మార్కులు వచ్చేవి, బడి దాటాక ఒక్కడికీ ఇంగ్లీషులో దారి అడగడం వచ్చేది కాదు. ఆ సంగతి నన్నెవరూ నిలదీయలేదు కనక నేనూ కదపలేదు. బడి మూతపడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, పెద్దవాళ్ళకి ఇంగ్లీషు ఎలా నేర్పాలో చెప్పే పది వారాల శిక్షణలో చేరాను. చేరేటప్పుడు కూడా, నాకు వీళ్ళు కొత్తగా చెప్పేదేముందిలే అన్న ధీమా ఉంది.

ఆ శిక్షణలో ఒక తిరకాసు ఉంది. నేర్చుకునేవాళ్ళని వాళ్ళివ్వరు, మనమే వెతికి తెచ్చుకోవాలి. ఏడుగురు పెద్దవాళ్ళని పోగుచేసి వారానికి మూడు రోజులు పాఠం చెప్పాలి. శిక్షణ ఇచ్చే మేడమ్ తనకి తోచిన రోజున వచ్చి వెనక కూర్చుని చూస్తుంది. ఏడుగురిని ఎక్కణ్ణుంచి తేవాలని నేను తల పట్టుకుంటే, వదిన కంచాలు కడుగుతూ, "మా లాండ్రీలో..." అంది. మిగతాది నేనే పూర్తిచేశాను. మీ లాండ్రీలో ఆడవాళ్ళున్నారుగా, నాలుగింటికి షిఫ్టు దిగుతారుగా, మేనేజర్ని నేను అడుగుతాలే అన్నాను. వదిన తలూపి కంచాలు బోర్లించింది.

మా ఇంట్లో మాటలు అలాగే నడిచేవి. వదిన మొదలుపెట్టేది, నేను ముగించేదాన్ని. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని మావాళ్ళందరూ అనేవాళ్ళు. నాలుక లేక కాదు, లోతు నూతిలోంచి చేదతో నీళ్ళు తోడినట్టు ఆవిడ మాట తోడుతుంది. చేద పైకి వచ్చేదాకా తాడు పట్టుకుని నిలబడే ఓపిక మాలో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. పెళ్ళై వచ్చిన కొత్తలో చుట్టాలు ఏమైనా అడిగితే, పాపం తడబడుతోందని జాలిపడి నేను జవాబు చెప్పేదాన్ని. అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. పంతొమ్మిదేళ్ళు గడిచినా ఆ జాలి తగ్గలేదు.

వదిన పనిచేసే లాండ్రీ మా వీధి చివర ఒక పాత గిడ్డంగిలో ఉంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, దిండు గలీబులు రోజూ బండ్ల మీద గుట్టలుగా వస్తాయి, చుట్టుపక్కల ఇళ్ళ చొక్కాలూ కొన్ని వస్తాయి. ముందు గదిలో కౌంటరు, దాని వెనక ఉతికే మిషన్లు, ఆ వెనక మడతల గది. కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తా ఆ వేసవి చివర రిటైరవుతున్నాడు. అక్కడికి వచ్చే ఫోన్లలో సగం ఇంగ్లీషువే, ఎందుకంటే హోటళ్ళవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. మన పనివాళ్ళలో ఎవరైనా ఇంగ్లీషులో నెట్టుకురాగలిగితే బయటి మనిషిని తీసుకోనని మేనేజరు ముందే చెప్పి ఉన్నాడు. అందుకే నేను వెళ్ళి అడగ్గానే, మడతల గదిని నాలుగు నుంచి ఐదు దాకా వాడుకోమన్నాడు.

ఆ కౌంటరు కుర్చీ మీద నా కన్ను పడింది. కారణం వదిన దగ్గు.

దగ్గంటే మామూలు దగ్గు కాదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే గొంతులో పిల్లికూతలు. వేసవి మొదట్లో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన స్టెతస్కోపు పెట్టి చూసి, ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా అని వదిననే అడిగాడు. వదిన పైట చెంగు సర్దుకుంది, కిటికీ వైపు చూసింది. చేద దిగుతోందని నాకు తెలుసు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు.

"నాలుగైదు నెలల నుంచండీ," అన్నాను నేను. "లాండ్రీలో మడతలు వేస్తుంది. ఆ బట్టల నూగూ దుమ్మూ పడవు ఈవిడకి."

డాక్టరు వదిన వైపు చూశాడు. వదిన నా వైపు చూసి తలూపింది. ఆయన దుమ్ము అని రాసుకుని, మాత్రలిచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాడు. వేసవి చివరికీ తగ్గకపోతే ఆ పని మానెయ్యాల్సిందేనన్నాడు. ఆవిడ పని మానడమంటే ఏమిటో నాకు తెలుసు. పదకొండేళ్ళుగా పొద్దున్నే ఆ గేటు దాటితేనే ఆవిడకి తెల్లారినట్టు. ఇంట్లో అన్నయ్య భార్య, పిల్లల తల్లి, నాకు వదిన. అక్కడ మాత్రం ఆవిడ ఆవిడే. కాబట్టి కౌంటరు రావాలి. వస్తే పనీ ఉంటుంది, ఊపిరీ ఉంటుంది. రాకపోతే రెండిట్లో ఒకటి వదులుకోవాలి.

*

మొదటి రోజు నా పాత బడి బోర్డు మోయించుకెళ్ళి మడతల బల్లకి ఆనించాను. ఏడుగురూ దుప్పట్ల కట్టల మీద కూర్చున్నారు. అందరికంటే పెద్దావిణ్ణి మరకల పిన్ని అంటారు, మరకలు వదిలించే పని ఆవిడది. తువ్వాళ్ళు మడిచే ఆవిడ తువ్వాళ్ళక్క. వదిన ఓ మూల కూర్చుంది.

మేడమ్ ఆ రోజే వచ్చింది. అరవై దాటిన మనిషి, బక్కపలచన, భుజాన గుడ్డ సంచి. వెనక కూర్చుని సంచిలోంచి రెండు చిన్న స్టీలు గిన్నెలు, ఒక డబ్బా తీసింది. డబ్బా నిండా రంగురంగుల చొక్కా గుండీలు. పెద్ద వయసులో కాలక్షేపానికి అల్లిక పని చేసుకుంటుందేమో అనుకుని నేను పాఠంలో పడ్డాను.

కాలాలు మూడు, ఒక్కో కాలంలో నాలుగు రకాలు. పన్నెండు గళ్ళ పట్టీ గీసి, గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మధ్యమధ్యలో వెనకనుంచి టింగు, టింగుమని చప్పుడు. ప్రశ్నలు కూడా అడిగాను. ఎవరూ నోరు విప్పకపోతే, పాపం కొత్తవాళ్ళు కదా అని జవాబులు నేనే చెప్పాను. టింగు. గంట అయ్యేసరికి నా చీర తడిసి ముద్దయింది, మనసు మాత్రం నిండుగా ఉంది.

అందరూ వెళ్ళాక మేడమ్ రెండు గిన్నెలూ నా ముందు పెట్టింది. వాళ్ళు చెప్పాల్సిన మాట నేను చెప్పిన ప్రతిసారీ ఎడమ గిన్నెలో ఒక గుండీ పడుతుందట. వాళ్ళు తమంత తాము ఇంగ్లీషులో ఏదైనా అంటే కుడి గిన్నెలో పడుతుందట. ఎడమ గిన్నెలో ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. కుడి గిన్నెలో రెండు. ఒకటి తువ్వాళ్ళక్క యస్ టీచర్ అన్నందుకు. రెండోది మరకల పిన్ని టైమెంతైందని ఇంగ్లీషులో అడిగినందుకు.

"మీ ఇంగ్లీషు చాలా బాగుందమ్మా," అంది మేడమ్. "నేర్చుకోవాల్సింది మీరే అయితే ఈపాటికి పాసైపోయేవారు."

నా మొహం ఎలా ఉందో నాకు కనపడలేదు గానీ, ఆవిడ కాస్త మెత్తబడి పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టమంది. ఆ పదీ అయ్యేదాకా మాట అందించకూడదు. తప్పు మాట్లాడితే మధ్యలో కాలు పట్టి లాగకూడదు, కాగితం మీద రాసుకుని గంట చివర అందరికీ కలిపి చెప్పాలి. ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో వదిన మీద ప్రయోగం మొదలుపెట్టాను. పిల్లలిద్దరూ సెలవులకి వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళారు, ఇల్లు నిమ్మళంగా ఉంది. ఇవాళ ఏం వండావని ఇంగ్లీషులో అడిగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వదిన కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళాయి. నా గొంతులో మాట దురద పెట్టింది. రైస్ అని చెప్పేశాను. మళ్ళీ ఇంకోటి అడిగాను. మళ్ళీ నాలుగు దగ్గరే తెగింది. అన్నయ్య బస్సు డ్రైవరు, డ్యూటీ దిగొచ్చి బూట్లు విప్పుకుంటూ ఇదంతా విన్నాడు.

"ప్రశ్నా నీదే, జవాబూ నీదే. మధ్యలో మీ వదినెందుకు చెల్లాయ్, అద్దం ముందు కూర్చో," అన్నాడు.

వదిన నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. నేను లేచి నీళ్ళిచ్చాను.

*

మూడో వారానికి ఎడమ గిన్నె ఇరవైకి దిగింది, కుడి గిన్నె ఆరు దాటలేదు. నేను నోరు కట్టుకుంటే గది మొత్తం నోరు కట్టుకుంటోందని మేడమ్‌తో మొరపెట్టుకున్నాను. ఆవిడ నా పన్నెండు గళ్ళ పట్టీని తుడిపించింది. వీళ్ళ చేతులకి తెలిసింది మీ బోర్డుకి తెలీదు, చేతుల్లో ఉన్న పని దగ్గర మొదలుపెట్టండి అంది.

మర్నాడు బోర్డు గోడకి తిప్పేసి ఒక పెద్ద దుప్పటి తీశాను. దాన్ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని మడవాలి, కాకపోతే ఇంగ్లీషులో చెప్పుకుంటూ మడవాలి. ఏడెనిమిది మాటలు చాలు, పట్టుకో, లాగు, వదులు, మూల, ఇటు, అటు. తువ్వాళ్ళక్కనీ వదిననీ నిలబెట్టాను. తువ్వాళ్ళక్క చేతులు మిషను కంటే వేగం. పుల్, పుల్ అంటూ లాగేస్తోంది, వదిన చేతుల్లోంచి కొసలు జారిపోతున్నాయి. రెండుసార్లు జారాయి. మూడోసారి వదిన దుప్పటి గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. నేను లెక్కపెడుతున్నాను. ఐదు, ఆరు.

"స్లో," అంది వదిన.

నేనిచ్చిన మాటల్లో అది లేదు. ఆవిడే ఎక్కడో విని దాచుకుంది. తువ్వాళ్ళక్క నాలుక కరుచుకుని నెమ్మదించింది. వెనక మేడమ్ దగ్గర కుడి గిన్నెలో టింగుమంది. ఆ తర్వాత మరకల పిన్నిని ఆపడం ఎవరి వల్లా కాలేదు. మురికి గలీబులు ఒక్కోటీ పైకెత్తి, టీ, బ్లడ్, ఇంక్, లిప్‌స్టిక్ అంటూ పేర్లు పెట్టింది. ఇన్ని ఎక్కడ నేర్చావు పిన్నీ అంటే, మరకల మందు సీసాల మీద బొమ్మలు చూసి, గుమాస్తాని అడిగి అడిగి నేర్చానంది. ముప్ఫయ్యేళ్ళుగా నన్నెవరన్నా అడిగితేగా అని కూడా అంది.

ఆ రోజు మేడమ్ వెళ్తూ వెళ్తూ ఒక చురక పెట్టింది. నోరు మూశారు గానీ పెదాలు మూయలేదన్నది ఆవిడ ఫిర్యాదు.

"ఆ మూలన కూర్చునే ఆవిడ మీ వదినగారా? ఆవిడ జవాబు తన బుర్రలో వెతుక్కోవడం లేదు, మీ మొహం మీద వెతుక్కుంటోంది. మీరు లోపల చెప్పుకుంటుంటే పెదాలు కదులుతున్నాయి."

అప్పట్నుంచి నేను ప్రశ్న అడిగి నేల చూసేదాన్ని. నేల మీద దూది నూగు ఉండలుగా దొర్లుతుండేది. ఆ ఉండల్ని లెక్కపెట్టుకునేదాన్ని.

ఇంకో మాట కూడా మేడమే ఇచ్చింది. ఆలోచించుకోవడానికి టైము అడగడం కూడా ఇంగ్లీషేనని, అన్నిటికంటే ముందు నేర్పాల్సింది అదేనని. వన్ మినిట్ ప్లీజ్, ఐ యామ్ థింకింగ్. అందరిలోకీ వదినకి ఈ ముక్క తెగ నచ్చింది. అన్నయ్య తాళాలెక్కడ అని అడిగినా, పాలవాడు తలుపు కొట్టినా వన్ మినిట్ ప్లీజ్. మొదట్లో అన్నయ్య విసుక్కున్నాడు. తర్వాత నిలబడి చూడడం అలవాటు చేసుకున్నాడు.

*

ఆరో వారం బుధవారం. మేడమ్ వెనక ఉంది. ఆ రోజు పాఠం పొద్దుటి గురించి. లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా ఏం చేస్తారో ఎవరిది వాళ్ళు చెప్పాలి. తప్పులున్నా ఫరవాలేదన్నాను. మరకల పిన్ని టీతో మొదలుపెట్టి టీతోనే ముగించింది. తువ్వాళ్ళక్క ఎన్ని తువ్వాళ్ళు మడుస్తుందో చెప్పి, మొగుడు గురక పెడతాడని చేత్తో చేసి చూపించింది. గది ఘొల్లుమంది.

వదిన వంతు వచ్చింది. నేను అడిగి నేల చూశాను.

పది అయింది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఆ పది లోపలే ఏదో ఒకటి అనేవాళ్ళు. పదిహేను అయింది. పక్కగదిలో బట్టలు పిండే మిషను ఆగింది, దాంతో గది మరీ నిశ్శబ్దమైపోయింది. వేకప్, టీ, వాక్, వర్క్. ఇంతేగా చెప్పాల్సింది, నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై. తలెత్తితే నా మొహం చూస్తుందని తలెత్తలేదు.

"మార్నింగ్," అంది వదిన. "టూ అవర్స్. వైట్ వాటర్ రూమ్."

అదేమిటో నాకు అర్థం కాలేదు. మిగతావాళ్ళకి అయింది. బట్టలు తెల్లబడడానికి కలిపే ఘాటు మందుని అక్కడ తెల్లనీళ్ళంటారు. అది కలిపే గది మిషన్ల వెనక ఉంటుందని తర్వాత తెలిసింది. నేనెప్పుడూ నాలుగింటికి వచ్చేదాన్ని, వదినని మడతల బల్ల దగ్గరే చూసేదాన్ని.

మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాను.

"నో విండో. టూ ఇయర్స్." ఊపిరి తీసుకుంది. "ఫస్ట్ మంత్, స్మాల్ కాఫ్. నౌ, బిగ్ కాఫ్. టూ ఇయర్స్." ఇంకా ఏదో ఉందని ఆ గొంతులో తెలిసింది. పిండే మిషను మళ్ళీ మొదలైంది, ఆవిడ దానికంటే కొంచెం పైకి అంది. "నాట్ డస్ట్."

నా చేతిలో కాగితం ఉంది, తప్పులు రాసుకోవడానికి. దాని మీద ఏమీ రాయలేదు. థ్యాంక్యూ అన్నాను, అందరికీ అన్నట్టే. తర్వాతి ఆవిణ్ణి అడిగాను. వెనక మేడమ్ చేతిలో ఒక గుండీ చాలాసేపు ఉండిపోయింది, తర్వాత చప్పుడు కాకుండా కుడి గిన్నెలో పెట్టింది.

ఇంటికి నడిచి వెళ్తున్నాం. ఎండ ఇంకా దిగలేదు, గోడల నీడన నడుస్తున్నాం. సందు మలుపు దాకా ఆగి అడిగాను, రెండేళ్ళ నుంచి ఉన్నదాన్ని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు వదినా అని. డాక్టరు నిన్నేగా అడిగాడు, తెలుగులోనేగా అడిగాడు అన్నాను.

వదిన నాలుగడుగులు వేసింది. నేను ఆగాను.

"తెలుగులో నువ్వున్నావుగా అమ్మాయీ," అంది. కోపంగా కాదు, వాకిట్లో చెప్పులున్నాయిగా అన్నట్టు అంది. ఇంకో నాలుగడుగులు వేశాక, "ఇంగ్లీషులోనేమో మేడమ్ నీకు గిన్నె పెట్టింది," అని చేర్చింది.

ఇంటికి చేరేదాకా నేను నోరు విప్పలేదు. వదిన రెండుసార్లు ఆగి నా మొహంలోకి చూసింది. గుమ్మం దగ్గర నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరమేం లేదే అంది.

*

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపలినుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు, తర్వాత వదిన గొంతు వినపడింది, తర్వాత మళ్ళీ ఏమీ లేదు, తర్వాత మళ్ళీ ఆవిడ గొంతే. బల్ల మీది మిగతావాళ్ళు విసుగ్గా తలుపు వైపు చూశారు. నేను వాళ్ళ వైపు చూడలేదు. వదిన చేతిలో రెండు కాగితాలతో బయటికి వచ్చింది. ఒకటి కొత్త మందులు. రెండోది మేనేజరుకి ఉత్తరం, ఈవిణ్ణి రేపట్నుంచి ఆ గదిలోకి పంపకూడదని.

మేనేజరు చెడ్డవాడు కాదు, పని నడవాలనుకునే మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, ఆ గదిలో గోడకి రంధ్రం కొట్టించి ఫ్యాను పెట్టిస్తానన్నాడు. పెట్టించాడు కూడా. కానీ తెల్లనీళ్ళు కలపకుండా ఉత్త మడతలకి మనిషిని పెట్టుకోవడానికి వీల్లేదట, మడతల గదిలో ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారట. కౌంటరుకి పనికొస్తే సరే. వచ్చే సోమవారం చూస్తానన్నాడు. కాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, వదినా అడగలేదు.

ఆ వారమంతా ఇంట్లో ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టిద్దామని నా ప్రాణం కొట్టుకుంది. ముప్ఫై జవాబులు రాసి కూడా పెట్టాను. మేడమ్‌కి చూపిస్తే, చదివి మడిచి నాకే ఇచ్చింది. అవతలివాడికి ఈ కాగితంలో ఉన్నవే అడగాలని తెలీదు కదమ్మా అంది.

సోమవారం నన్ను కూడా రమ్మంది వదిన. నువ్వక్కడ ఉండు, మాట్లాడకు అంది. ఉంటానన్నాను.

కౌంటరు గదిలో వదిన గుమాస్తా కుర్చీలో కూర్చుంది, కుర్చీ అంచు మీద. నేను ఓ పక్కన, గోడ వారగా పేర్చిన కట్టల దగ్గర నిలబడ్డాను. మేనేజరు లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నిమిషం తర్వాత కౌంటరు మీద ఫోను మోగింది. వదిన ఎత్తింది. అవతల మేనేజరే, కాకపోతే కోపంతో ఉన్న హోటలు మనిషిలా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, తలుపు దాటి కూడా వినపడుతోంది. మూడు దుప్పట్లు మరకలతో తిరిగొచ్చాయని, ఇలాగైతే వేరే లాండ్రీ చూసుకుంటామని.

వదిన ఫోను చెవికి పెట్టుకుని నా వైపు తిరిగింది.

ఏం చెప్పాలో నాకు తెలుసు. మొదటి వాక్యం సారీతో మొదలవుతుంది, తర్వాత రెండు వాక్యాలు, ఎంత అందంగా కుదిరాయో. పెదాలు కదిలితే చాలు, ఆవిడ అందుకుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అందుకుంటూనే ఉంది.

నేను గోడ వైపు తిరిగి కట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

"వన్ మినిట్ ప్లీజ్," అంది నా వెనక వదిన గొంతు. "ఐ యామ్ థింకింగ్."

అవతలి కేకలు ఆగిపోయాయి. అలా అడిగితే ఎవరికైనా ఆగక తప్పదు.

తర్వాత వదిన అడిగింది. ఏ రంగు మరక అని, అంచున ఉందా మధ్యలో ఉందా అని, తడిగా ఉందా ఎండిపోయిందా అని. వాక్యాలు కావు అవి, ఒక్కో మాటా ఒక్కో మాటా పేర్చుకుంటూ వెళ్ళింది. మాటల మధ్యలో నేను రెండుసార్లు కట్టలు లెక్కపెట్టేంత ఖాళీ ఉంది. బ్రౌన్ అయితే టీ అంది. ఎల్లో అయితే ఐరన్, అంటే ఇస్త్రీ మాడు, అంది. వేడి నీళ్ళు పోయొద్దని, ముట్టుకోకుండా పంపమని, రేపు నాలుగింటికి తిరిగిస్తామని చెప్పింది. మరకల పిన్ని విద్య అంతా అందులో ఉంది. చివర్న థ్యాంక్యూ అని తనే ముందు పెట్టేసింది.

మేనేజరు బయటికి వచ్చి కాసేపు తల గోక్కున్నాడు. వాక్యాలు సరిగ్గా లేవమ్మా అన్నాడు. నిజమే, లేవు. ఆయన మళ్ళీ, "కానీ ఇన్నేళ్ళలో మన గుమాస్తా ఏనాడూ మరక ఏ రంగని అడగలేదు. పోట్లాడేవాడు," అన్నాడు. ఒకటో తారీకు నుంచి కూర్చోమన్నాడు.

వదిన కుర్చీలో వెనక్కి జరిగి ఆనుకుని కూర్చుంది. అంతవరకూ అంచు మీదే ఉందని అప్పుడు గమనించినట్టుంది.

*

పదో వారం చివరి పాఠానికి మేడమ్ గుండీలు చాలక కుడి గిన్నెలో సుద్దముక్కలు వేసింది. ఎడమ గిన్నెలో తొమ్మిది పడ్డాయి. తొమ్మిదంటే పాసే, కానీ గర్వపడేంత కాదంది. నాకు పాసైన కాగితం ఇచ్చి, దాంతోపాటు ఎడమ గిన్నె కూడా నా చేతిలో పెట్టింది.

"పాఠంలో దీని అవసరం తగ్గింది. ఇంట్లో ఎలా ఉందో నాకు తెలీదు," అంది.

ఆ గిన్నె ఇప్పుడు మా వంటింటి అలమర మీద ఉంది. అందులో గుండీలేమీ లేవు. ఉండాల్సిన పనీ లేదు, దాన్ని చూస్తే చాలు.

వానలు మొదలైన వారంలో మా మేనత్త మమ్మల్ని చూడ్డానికొచ్చింది. పిల్లలు కూడా తిరిగొచ్చారు, అందరం భోజనాలకి కూర్చున్నాం. కొత్త పనెలా ఉందే అని అత్తయ్య వదినని అడిగింది. అడిగి, అలవాటు కొద్దీ జవాబు కోసం నా వైపు తిరిగింది. నా నోరూ అలవాటు కొద్దీ తెరుచుకుంది. వదిన ఒక్కసారి అలమర వైపు చూసింది. తెరిచిన నోట్లో నేను ముద్ద పెట్టుకున్నాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మొన్న ఒకాయన ఫోన్ చేశాడత్తయ్యా," అంది వదిన. "చొక్కా పోగొట్టారు, పోగొట్టారు అని ఒకటే అరుపులు. నేను వన్ మినిట్ ప్లీజ్, ఐ యామ్ థింకింగ్ అన్నాను."

ఆగింది. పిల్లలు అన్నం కలపడం ఆపేశారు.

"థింకింగే చేస్తున్నాను. ఇంతలో ఆయన ఇంట్లో వాళ్ళావిడ గొంతు వినపడింది, తలుపు వెనక వేలాడుతోందిగా అని. ఆయన సారీ అని పెట్టేశాడు." వదిన మళ్ళీ ఆగింది. "నేను ఆలోచించుకుంటుంటే ఆయనకి చొక్కా దొరికింది."

ఆ సారీ మాత్రం ఫోను మనిషి గొంతుతో, గుటకలు మింగుతూ అంది. అన్నయ్యకి నవ్వుతో పొలమారింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఇంకొకరి గొంతు అనుకరించగా మేమెవరం వినలేదు. చాలాసేపు నవ్వుకున్నాం, వదిన కూడా. నవ్వుతుంటే దగ్గు వస్తుందేమోనని నేను నీళ్ళ గ్లాసు అందుకోబోయాను. రాలేదు.

"ఇంకోటుంది," అంది వదిన, అని ఎటో చూస్తూ ఊరుకుంది.

అత్తయ్య కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక నన్ను గిల్లింది, ఏమిటే అది, నువ్వు చెప్పు అని.

"నాకు తెలీదత్తయ్యా," అన్నాను. "వదినే చెప్తుంది."

వదిన తన గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, తీరిగ్గా మొదలుపెట్టింది.